క్రుయెల్టీ ఫ్రీ మేకప్‌కి మారడం: కుందేలు బొమ్మ వెనక ఏముందో చూసి కొనడం ఎలా

పెట్టె మీద కుందేలు బొమ్మ ఎవరైనా వేసుకోవచ్చు. క్రుయెల్టీ ఫ్రీ, అంటే జంతువుల మీద పరీక్షించనిది, అని రాసుకోవడానికి చాలా దేశాల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ మాటకు చట్టంలో నిర్వచనం లేదని అమెరికాలో సౌందర్య సాధనాలను చూసే ఎఫ్‌డీఏ కూడా చెబుతుంది. అందుకే ఈ మార్పులో సగానికి పైగా పని దుకాణానికి వెళ్లకముందే ఉంటుంది. ఏ కంపెనీ మాట నమ్మవచ్చు, దేనికి రుజువు అడగాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాతిది ఓపిక పని. వాడుతున్నవి ఒక్కొక్కటీ అయిపోతుంటే వాటి చోట కొత్తవి చేర్చుకుంటూ పోవడమే. రోజూ మేకప్ వేసుకునేవాళ్లకు ఏడాది, ఏడాదిన్నర పట్టవచ్చు. తొందరపడితే డబ్బు, సరుకు రెండూ దండగ.

పరీక్షలు ఎక్కడ జరుగుతాయి

ఇది తెలియకపోతే లేబుళ్ల మీది మాటల్లోని మెలికలు దొరకవు. 1944లో జాన్ డ్రేజ్ అనే ఎఫ్‌డీఏ శాస్త్రవేత్త పేరు మీద ప్రచారంలోకి వచ్చిన పద్ధతిలో, పరీక్షించాల్సిన పదార్థాన్ని కుందేలు కంట్లో వేసి, గీరిన చర్మం మీద రాసి, ఎంత మంట పుట్టిందో, ఎంత వాచిందో రోజుల తరబడి చూస్తారు. అలర్జీ కోసం గినీ పందుల్ని, ఎలుకల్ని వాడేవారు. ఎంత మోతాదులో విషమవుతుందో తెలుసుకోవడానికి ఎలుకల చేత మింగించేవారు.

వీటిలో చాలావాటికి ఇప్పుడు ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. మనిషి చర్మకణాలను ల్యాబ్‌లో పొరలు పొరలుగా పెంచి, వాటి మీద పదార్థాన్ని వేసి చూస్తారు. పరీక్షా పద్ధతులకు ప్రమాణాలు పెట్టే దేశాల కూటమి ఓఈసీడీ ఈ పద్ధతికి ఇచ్చిన మార్గదర్శకం సంఖ్య 439. కంటి పైపొరను పోలిన కణజాలంతో చేసే పరీక్ష 492. చర్మం అలర్జీకి 442సీ, 442డీ, 442ఈ సంఖ్యల కింద పరీక్షలు ఉన్నాయి. కంపెనీ ప్రతినిధి "మేం ఆధునిక పద్ధతులు వాడతాం" అని ఊరికే అంటే, ఈ సంఖ్యల్లో ఏవి వాడతారని అడగండి. తెలిసినవాళ్లు వెంటనే చెబుతారు.

జంతు పరీక్ష నాలుగు దారుల్లో చొరబడుతుంది. తయారైన సరుకు మీద కంపెనీ తనే చేయవచ్చు. లేదా డబ్బిచ్చి బయటి ల్యాబ్‌తో చేయించవచ్చు. రంగు, మైనం, సువాసన లాంటి ముడిపదార్థాలను అమ్మే సరఫరాదారు చేసి ఉండవచ్చు. చివరిది, సరుకు అమ్ముకోవాలంటే పరీక్ష తప్పదని ఏదైనా దేశ ప్రభుత్వం అడగవచ్చు. అసలు పరీక్షల్లో ఎక్కువ భాగం ముడిపదార్థాల దగ్గరే జరుగుతుంది. కాబట్టి "ఈ సరుకును జంతువుల మీద పరీక్షించలేదు" అనే వాక్యం అక్షరాలా నిజమైనా, దానివల్ల మనకు తెలిసేది దాదాపు ఏమీ లేదు. "చట్టం కోరిన చోట తప్ప" అనే తోక ఉంటే నాలుగో దారి తెరిచే ఉందని అర్థం.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది

యూరోపియన్ యూనియన్ 2004లో తయారైన సరుకు మీద, 2009లో ముడిపదార్థాల మీద పరీక్షలను నిషేధించింది. ఎక్కడ పరీక్షించినా సరే అలాంటి సరుకును అక్కడ అమ్మకూడదన్న నిషేధం 2013 మార్చి 11 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. భారతదేశం 2014లో పరీక్షల్ని, అదే ఏడాది అలా పరీక్షించిన సరుకు దిగుమతిని నిషేధించింది. కెనడాలో నిషేధం 2023 డిసెంబరులో మొదలైంది.

అంటే ఈ దేశాల్లో దొరికేదంతా క్రుయెల్టీ ఫ్రీయేనా? కాదు. చట్టం చూసేది ఆ దేశంలో జరిగే పరీక్షను, ఆ దేశంలో అమ్మకం కోసం చూపిన ఆధారాలను. అదే కంపెనీ అదే లిప్‌స్టిక్‌ను మరో దేశంలో అమ్ముకోవడానికి అక్కడ పరీక్ష చేయిస్తే దీనికి తగలదు. ఇంకో చిక్కు కూడా ఉంది. యూరప్‌లోనే రసాయనాల భద్రతకు రీచ్ అనే వేరే చట్టం ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల భద్రత పేరుతో, కేవలం సౌందర్య సాధనాల్లో వాడే రసాయనానికి కూడా జంతు పరీక్ష కోరవచ్చని యూరోపియన్ జనరల్ కోర్టు 2023 నవంబరులో తేల్చింది. ఆ కేసు నడిచింది సన్‌స్క్రీన్లలో వాడే హోమోసలేట్, ఇంకో సాలిసిలేట్ గురించి. అందుకే "యూరప్‌లో తయారైంది" అన్న ముద్రను రుజువుగా తీసుకోకండి.

చైనా విషయంలో పాత సమాచారమే ఇంకా చెలామణి అవుతోంది. దిగుమతి చేసుకున్న ప్రతి సౌందర్య సాధనానికీ అక్కడ జంతు పరీక్ష తప్పనిసరి అన్నది 2021 వరకు నిజం. ఆ ఏడాది మే 1 నుంచి లిప్‌స్టిక్, మస్కారా, బ్లష్, షాంపూ లాంటి మామూలు సరుకులకు మినహాయింపు దొరికింది. కానీ సొంత దేశపు ప్రభుత్వ సంస్థ ఇచ్చిన తయారీ ప్రమాణాల సర్టిఫికెట్, సరిపడా భద్రతా నివేదిక రెండూ చూపించాలి. జుట్టు రంగు, పెర్మింగ్, సన్‌స్క్రీన్, మచ్చలు పోగొట్టి తెల్లబరుస్తామనేవి, జుట్టు రాలకుండా చేస్తామనేవి ప్రత్యేక వర్గం కిందికి వస్తాయి. వాటికి, పిల్లల సరుకులకు, కొత్త ముడిపదార్థాలకు ఈ మినహాయింపు వర్తించదు. సరిహద్దు దాటి ఆన్‌లైన్‌లో అమ్మడం, హాంకాంగ్‌లో అమ్మడం వేరు, వాటికి ముందస్తు పరీక్ష అక్కర్లేదు. కాబట్టి "చైనాలో అమ్ముతారా" అనే ఒక్క ప్రశ్న చాలదు. ఏ సరుకు, ఏ దారిలో, ఏ మినహాయింపు కింద అని అడగాలి.

మొదటి మెట్టు: మీ గీత మీరు గీసుకోండి

కొనడం మొదలుపెట్టకముందే మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోండి. లేకపోతే ప్రతి దుకాణంలోనూ అదే తర్జనభర్జన.

మాతృసంస్థ సంగతేమిటి? ఎన్‌వైఎక్స్, అర్బన్ డికే జంతు పరీక్షలు లేని బ్రాండ్లుగా పేరుపడ్డవి, రెండూ లోరియల్ చేతిలో ఉన్నాయి. ది బాడీ షాప్ 2006 నుంచి 2017 వరకు లోరియల్‌ది, తర్వాత 2023 వరకు నాటురా అనే కంపెనీ చేతిలో ఉంది. పెద్ద కంపెనీకి లాభం వెళ్తుంది కాబట్టి కొనను అనేవాళ్లున్నారు. మంచి బ్రాండ్ బాగా అమ్ముడైతేనే పెద్ద కంపెనీ దారి మారుతుంది అనేవాళ్లూ ఉన్నారు. రెండూ సబబైన వాదనలే. మా సలహా: మొదటి ఏడాది బ్రాండ్ స్థాయిలోనే చూడండి. మాతృసంస్థ నియమం మొదటి రోజే పెట్టుకుంటే ఎంపికలు సగానికి పడిపోయి, చాలామంది మధ్యలోనే వదిలేస్తారు.

చైనా దుకాణాల్లో అమ్మే బ్రాండ్ మీకు సమ్మతమేనా? పైన చెప్పిన 2021 మినహాయింపు వివరం చూపించగలిగితే సరేనంటారా, లేక అసలే వద్దంటారా?

మూడోది వీగన్ సంగతి. క్రుయెల్టీ ఫ్రీ అంటే పరీక్షలు లేవని, వీగన్ అంటే జంతువుల నుంచి తీసిన పదార్థం లేదని. ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు. కుందేలు ముద్ర ఉన్న లిప్‌స్టిక్‌లో తేనెమైనం, పురుగుల నుంచి తీసిన ఎరుపు ఉండవచ్చు. వీగన్ అని మాత్రమే రాసిన క్రీమును ఎక్కడో జంతువుల మీద పరీక్షించి ఉండవచ్చు.

రెండో మెట్టు: ఉన్నవాటి లెక్క

మేకప్ పెట్టె, బాత్రూం అర, హ్యాండ్‌బ్యాగు అన్నీ ఖాళీ చేసి ఒక తువ్వాలు మీద పరవండి. ఒక్కోదానికి నాలుగు సంగతులు రాయండి: పేరు, ఎప్పుడు తెరిచారు, ఎంత మిగిలింది, నెలకు ఎంత అయిపోతుంది. తెరిచిన తేదీ గుర్తులేకపోతే అంచనాగా వేయండి. ఇకనుంచి ప్రతి సీసా అడుగున తెరిచిన నెల, సంవత్సరం చెరగని పెన్నుతో రాసే అలవాటు చేసుకోండి.

మూత తెరిచిన డబ్బా బొమ్మ, అందులో 6, 12, 24 లాంటి అంకె చాలా సరుకుల మీద ఉంటుంది. తెరిచాక అన్ని నెలలు వాడవచ్చని అర్థం. ఆ గుర్తు కనబడకపోతే ఈ లెక్క పెట్టుకోండి. మస్కారా, ద్రవ ఐలైనర్ 3 నుంచి 6 నెలలు. ద్రవ ఫౌండేషన్, కన్సీలర్ 6 నుంచి 12. క్రీము బ్లష్ ఏడాది. లిప్‌స్టిక్ ఏడాది నుంచి ఏడాదిన్నర. పొడి రూపంలో ఉన్నవి రెండేళ్లు. కంటి దగ్గర వాడేవాటికి గడువు తక్కువ ఎందుకంటే, తడి గొట్టంలోకి బ్రష్ రోజూ సూక్ష్మజీవుల్ని మోసుకెళ్తుంది. గడువు దాటినవి, వాసన మారినవి, నూనె పైకి తేలినవి ఇప్పుడే పారేయండి.

బాగున్నవి మాత్రం వాడుకోండి. ఎప్పుడో కొన్న సరుకుకు కట్టిన డబ్బు కంపెనీకి ఎప్పుడో చేరిపోయింది. దాన్ని చెత్తబుట్టలో వేస్తే ఏ కుందేలుకూ మేలు జరగదు. మనసు ఒప్పుకోకపోతే సీలు తీయనివి ఎవరికైనా ఇచ్చేయండి. తెరిచిన మస్కారా, లిప్‌స్టిక్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, అంటువ్యాధుల ప్రమాదం.

మూడో మెట్టు: బ్రాండ్‌ను తనిఖీ చేయడం

ఇక్కడ కొంచెం సేపు ఆగుదాం, తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ముద్రల్లో గట్టిది లీపింగ్ బన్నీ, ఎగురుతున్న కుందేలు బొమ్మ. అమెరికాలో 1996లో కొన్ని జంతు సంరక్షణ సంస్థలు కలిసి దీన్ని మొదలుపెట్టాయి. 1898లో బ్రిటన్‌లో పుట్టిన ఉద్యమ సంస్థకు వారసురాలైన క్రుయెల్టీ ఫ్రీ ఇంటర్నేషనల్ మిగతా చోట్ల నడిపిస్తుంది. దీని షరతులు మూడు. ఒక తేదీని గీతగా పెట్టి, ఆ తర్వాత కంపెనీ గానీ, దానికి ముడిపదార్థాలిచ్చేవాళ్లు గానీ జంతు పరీక్ష చేయకూడదు. సరఫరాదారుల మీద నిఘా ఉంచే పద్ధతి కంపెనీకి ఉండాలి, దాన్ని ఏటా తిరిగి ధ్రువీకరించాలి. బయటి ఆడిటర్లు వచ్చి చూస్తే ఒప్పుకోవాలి.

జంతు హక్కుల సంస్థ పెటా ఇచ్చే ముద్ర కంపెనీ సంతకం చేసి ఇచ్చిన హామీ మీద, ప్రశ్నావళి జవాబుల మీద నిలుస్తుంది. ఇందులో "జంతు పరీక్ష లేనిది", "జంతు పరీక్ష లేనిది, వీగన్" అని రెండు తరగతులున్నాయి. ఏ తరగతో చూడకుండా వీగన్ అనుకోకండి. పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మతో ఉండే వీగన్ సొసైటీ ముద్రకు జంతు పదార్థం లేకపోవడంతో పాటు పరీక్ష లేకపోవడం కూడా షరతే. ఇవి కాక పెట్టె మీద కనబడే ముద్దుముద్దు కుందేళ్లు చాలావరకు కంపెనీ డిజైనర్ గీసినవే.

తనిఖీ ఇలా చేయండి:

1. పెట్టె మీద చూసిన ముద్రను ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని జాబితాలో వెతకండి. బొమ్మ ఉండి పేరు లేకపోతే, లేనట్టే లెక్క.
2. బ్రాండ్ వెబ్‌సైట్‌లో "తరచూ అడిగే ప్రశ్నలు" పేజీ తెరవండి. ముడిపదార్థాలు, సరఫరాదారులు, చట్టం కోరినప్పుడు అన్న మూడింటి గురించీ ఏమన్నారో చూడండి.
3. ప్రస్తుత యజమాని ఎవరో చూడండి. పాత వ్యాసాల్లోని జాబితాలను నమ్మకండి. నార్స్ 2017లో చైనా దుకాణాల్లోకి వెళ్లి జాబితాల్లోంచి బయటపడింది. కవర్‌గర్ల్ 2018లో లీపింగ్ బన్నీ ముద్ర తెచ్చుకుంది. రెండు వైపులా మార్పులు జరుగుతుంటాయి.
4. ముద్ర లేని చిన్న బ్రాండ్ అయితే మెయిల్ రాయండి. ముద్రకు ఖర్చు, కాగితాల పని ఉంటాయి కాబట్టి నిజాయతీగా ఉండి కూడా తీసుకోని చిన్న కంపెనీలున్నాయి.

మెయిల్‌లో అడగాల్సినవి ఇవి. కాపీ చేసుకుని బ్రాండ్ పేరు మార్చుకోండి:

"నమస్కారం. మీ సరుకులు కొనే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను. తయారైన సరుకును మీరు గానీ, మీ తరఫున వేరేవాళ్లు గానీ జంతువుల మీద పరీక్షిస్తారా? ముడిపదార్థాల సరఫరాదారుల నుంచి రాతపూర్వక హామీ తీసుకుంటున్నారా, ఏ తేదీ నుంచి? అమ్మకం కోసం జంతు పరీక్ష కోరే ఏ దేశంలోనైనా దుకాణాల్లో అమ్ముతున్నారా? అమ్ముతుంటే ఏ మినహాయింపు కింద? మీ మాతృసంస్థ ఏది? ఈ ఫలానా సరుకులో జంతువుల నుంచి తీసిన పదార్థం ఏదైనా ఉందా?"

వచ్చిన జవాబును ఎలా చదవాలి? ఒక్కో ప్రశ్నకు విడివిడిగా జవాబిస్తే నమ్మకం పెట్టుకోవచ్చు. "మాకు జంతువులంటే ఎంతో ప్రేమ", "అన్ని దేశాల చట్టాలనూ పాటిస్తాం" అని మాత్రమే రాస్తే అది జవాబు కాదు. రెండు వారాలు చూసి మళ్లీ ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ మౌనమే అయితే జాబితాలోంచి కొట్టేయండి. జవాబు వచ్చిన తేదీతో సహా మెయిల్‌ను దాచుకోండి.

నాలుగో మెట్టు: ఏది ముందు మార్చాలి

చాలామంది లిప్‌స్టిక్‌తో మొదలుపెడతారు. ముచ్చటగా ఉంటుంది, కానీ ఒక లిప్‌స్టిక్ ఏడాది నడుస్తుంది. ఎక్కువ ఖర్చయ్యేవి సబ్బు, షాంపూ, టూత్‌పేస్ట్, ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. రాసుకున్న లెక్కలో నెలవారీ ఖర్చు ఎక్కువ ఉన్న ఐదింటినీ ముందు పెట్టండి. వీటికి రంగు కలవాల్సిన పని లేదు, కాబట్టి తప్పు కొనే అవకాశం తక్కువ. తర్వాత మస్కారా, ఎలాగూ మూడు నాలుగు నెలలకోసారి మార్చాల్సిందే. ఆ తర్వాత పెదాలు, బుగ్గలు. ఫౌండేషన్, కన్సీలర్ చివర్లో. వాటికి షేడ్ దొరకడమే పెద్ద పని కాబట్టి, ఉన్నది పావు వంతు మిగిలి ఉన్నప్పుడే వెతకడం మొదలుపెట్టండి. పూర్తిగా అయిపోయాక వెతికితే కంగారులో పాతదే మళ్లీ కొనేస్తారు.

డాక్టర్ రాసిచ్చిన క్రీములను ఈ లెక్కలోకి తేకండి. మందులకు చట్టాలు వేరు, దాదాపు అన్నిటికీ జంతు పరీక్షలు జరిగే ఉంటాయి. మొటిమలకో, తామరకో వాడుతున్న మందును దీనికోసం ఆపితే నష్టం మీదే. కొన్ని దేశాల్లో సన్‌స్క్రీన్, చుండ్రు షాంపూ, ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ కూడా మందుల కిందికే వస్తాయి. అమెరికాలో అంతే. అలాంటి చోట ఎంపికలు తక్కువ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఇంకో మాట. కంపెనీల తలనొప్పి ఎందుకని ఇంట్లోనే క్రీములు కలుపుకునేవాళ్లున్నారు. నీళ్లు కలిసిన ఏ మిశ్రమమైనా ప్రిజర్వేటివ్ లేకుండా రోజుల్లోనే సూక్ష్మజీవులతో నిండిపోతుంది, కంటికి తెలియదు. కంటి మేకప్ అయితే ఆ ఆలోచనే పెట్టుకోవద్దు.

ఐదో మెట్టు: చర్మానికి పడుతుందో లేదో, రంగు కలుస్తుందో లేదో

జంతు పరీక్ష లేదన్నంత మాత్రాన మీకు పడుతుందని కాదు. ఒకేసారి నాలుగు కొత్తవి మొదలుపెట్టి దద్దుర్లు వస్తే ఏది కారణమో బ్రహ్మదేవుడికి కూడా అంతు చిక్కదు. ఒక్కోదానికి కనీసం వారం ఎడం ఇవ్వండి. మోచేతి మడత దగ్గర నాణెమంత జాగాలో రోజుకు రెండుసార్లు, 7 నుంచి 10 రోజులు రాయండి. కడిగేసే రకమైతే ముఖం మీద ఎంతసేపు ఉంచుతారో అంతసేపే ఉంచి కడగండి. ఎర్రబడినా, దురద పుట్టినా, పొక్కులు లేచినా అక్కడితో ఆపేయండి. జుట్టు రంగుకు ప్రతిసారీ 48 గంటల ముందు పరీక్ష చేసుకోవాలి, పాత బ్రాండ్ అయినా సరే.

ఫౌండేషన్ షేడ్‌ను చేతి మీద చూడకండి. ముంజేయి రంగు వేరు, ముఖం రంగు వేరు. దగ్గర దగ్గరగా ఉన్న మూడు షేడ్లను దవడ ఎముక మీద నిలువు గీతలుగా పూసి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో అరగంట తర్వాత చూడండి. చాలా ఫౌండేషన్లు ఆరాక ఒక మెట్టు ముదురుతాయి, పూసిన వెంటనే నిర్ణయిస్తే రేపు ముఖం నారింజ రంగులో కనిపిస్తుంది. మెడ మీదికి కలిసిపోయి కనబడకుండా పోయిన గీతే మీ షేడ్. చిన్న బ్రాండ్లలో షేడ్లు తక్కువ. సరిగ్గా దొరక్కపోతే ఒక లేత, ఒక ముదురు కొని, చేతి వెనక కలిపి పూసుకోవడం నమ్మకమైన దారి. నిష్పత్తి కుదిరాక రాసిపెట్టుకోండి.

వీగన్ కూడా కావాలంటే: పదార్థాల జాబితా చదవడం

పురుగుల నుంచి తీసే ఎరుపుకు కార్మైన్ అని పేరు, జాబితాలో సీఐ 75470 గా కనిపిస్తుంది. గాఢమైన ఎరుపు, గులాబీ, ఊదా లిప్‌స్టిక్‌లు, బ్లష్‌లలో దీన్ని వెతకండి. కొందరికి దీనివల్ల తీవ్రమైన అలర్జీ వస్తుంది. అందుకే అమెరికాలో 2011 నుంచి దీని పేరు లేబుల్ మీద రాయడం తప్పనిసరి. మెరుపు కోసం చేప పొలుసుల నుంచి తీసేది గ్వానిన్, సీఐ 75170, ముత్యపు మెరుపున్న నెయిల్ పాలిష్, ఐషాడోల్లో ఉంటుంది. లక్క పురుగు నుంచి వచ్చే షెల్లాక్ మస్కారాలో, నెయిల్ పాలిష్‌లో తగులుతుంది. తేనెమైనం సెరా ఆల్బా అనే పేరుతో, గొర్రె ఉన్ని జిడ్డు లానోలిన్ పేరుతో పెదాల సరుకుల్లో కనిపిస్తాయి. కొలాజెన్, కెరటిన్, పట్టు పొడి, నత్త స్రావం పేర్లలోనే తెలిసిపోతాయి.

చిక్కంతా రెండు దారులున్న పదార్థాలతో. గ్లిజరిన్, స్టియరిక్ ఆమ్లం కొవ్వు నుంచీ వస్తాయి, మొక్కల నూనె నుంచీ వస్తాయి. స్క్వాలేన్ సొర చేప కాలేయం నుంచి వచ్చేది. ఇప్పుడు ఆలివ్, చెరకు నుంచి కూడా తీస్తున్నారు. లేబుల్ చూసి ఏ దారిలో వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు, కంపెనీని అడగాల్సిందే.

కార్మైన్ లేని ఎరుపుకు ఐరన్ ఆక్సైడు సీఐ 77491, కృత్రిమ రంగులు సీఐ 15850, సీఐ 45410 వాడతారు. ఒక్క ఐరన్ ఆక్సైడుతోనే చేసిన ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది. చల్లని నీలిఛాయ ఎరుపు కావాలంటే జాబితాలో కృత్రిమ రంగు ఉందో లేదో చూడండి. 45410 కొందరి పెదాలకు మరకలా అంటుకుంటుంది, తుడిచినా గులాబీ రంగు మిగులుతుంది. రాత్రి నూనెతో తుడిస్తే పోతుంది.

మైనాల తేడా పూసుకునేటప్పుడే తెలుస్తుంది. తేనెమైనం దాదాపు 62–64 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని బదులు వాడే కాండెలిల్లా దాదాపు 70 దగ్గర, కార్నౌబా 82–86 దగ్గర కరుగుతాయి. అందుకే వీగన్ లిప్‌స్టిక్ కొన్నిసార్లు గట్టిగా, పెదవిని లాగుతున్నట్టు ఉంటుంది. గొట్టాన్ని అరచేతిలో ఒక నిమిషం పట్టుకోండి, లేదా ముందు పల్చగా లిప్‌బామ్ రాసి రెండు నిమిషాలు ఆగి పూయండి. చల్లటి గదిలో బయటికి ఎక్కువ తిప్పితే విరుగుతుంది, అరంగుళం కూడా అక్కర్లేదు.

అభ్రకం గురించి ఒక్క మాట. ఐషాడో, హైలైటర్లలో మెరిసేది సీఐ 77019, ఖనిజం, జంతు పదార్థం కాదు. కానీ జార్ఖండ్, బీహార్ గనుల్లో పిల్లల చేత దీన్ని ఏరించడం ఎప్పటినుంచో ఉన్న ఆరోపణ. కుందేలు ముద్రలు దీన్ని చూడవు. అడిగే మెయిల్‌లో ఇంకో వాక్యం చేర్చడం మీ ఇష్టం. ల్యాబ్‌లో తయారైన కృత్రిమ అభ్రకం వాడే బ్రాండ్లూ ఉన్నాయి.

బ్రష్‌లు, కంటి రెప్పలు

సీసాలన్నీ మార్చి బ్రష్‌లు మరిచిపోవడం మామూలే. మేక, ఉడుత, పోనీ అనే పొట్టి గుర్రం, సేబుల్ అనే చిన్న జంతువు వెంట్రుకలు మంచి బ్రష్‌ల పేరుతో అమ్ముడవుతాయి. "నేచురల్" అంటే జంతువు వెంట్రుకే. కావాల్సింది టాక్లాన్, నైలాన్, పీబీటీ అని రాసినవి. ఇంట్లో ఉన్నది ఏదో తెలియకపోతే ఒక్క పోచ కత్తిరించి, చిమటాతో పట్టుకుని నిప్పు దగ్గర పెట్టండి. జుట్టు కాలిన వాసనతో పొడిపొడి బూడిదయితే జంతువుది. కరిగి గట్టి పూసలా ముడుచుకుంటే కృత్రిమం. అతికించుకునే కంటి రెప్పల్లో మింక్ అంటే జంతువు బొచ్చు, ఫో మింక్ (faux mink) అంటే కృత్రిమం. పెట్టె మీద ఆ ఒక్క పదం ఉందో లేదో చూడాలి.

కృత్రిమ బ్రష్ క్రీము, ద్రవ రకాలకు చక్కగా సరిపోతుంది, తాగేయదు. పొడిని మాత్రం వెంట్రుక అంత పట్టుకోదు, తేలిగ్గా ఊడ్చితే మచ్చలు మచ్చలుగా పడుతుంది. పొడిని ముంచి, అదనం దులిపి, చర్మం మీద నొక్కుతూ వేయండి. 7–10 రోజులకోసారి గోరువెచ్చని నీళ్లతో, తేలికపాటి షాంపూతో కడిగి, కుచ్చు కిందికి వాల్చి ఆరబెట్టండి. నిలబెట్టి ఆరబెడితే నీరు లోహపు గొట్టంలోకి దిగి జిగురు వదిలి పోచలు రాలతాయి, వేడి నీళ్లయితే ఇంకా త్వరగా.

ఎక్కడ తప్పుతుంది

డిస్కౌంట్ చూసి ఒకేసారి పది కొనేయడం మొదటిది. అందులో సగం షేడ్ కలవదు, గడువులోగా అయిపోవు. ఒక సరుకు బాగుందని ఆ బ్రాండ్ మొత్తం బాగుంటుందనుకోవడం రెండోది. వీగన్ లైన్ పేరుతో నాలుగు సరుకులు తెచ్చి, మిగతా సరుకులకు పాత పద్ధతే నడిపే కంపెనీలు ఉన్నాయి. లీపింగ్ బన్నీ బ్రాండ్ మొత్తానికి ఇస్తారు, ఒక్కో సీసాకు కాదు. ఇక నకిలీలు. పేరున్న సరుకును సగం ధరకు అమ్మే తెలియని విక్రేత దగ్గర కొంటే పరీక్ష సంగతి అటుంచి, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. బ్యాచ్ సంఖ్య సీసా మీదా, పెట్టె మీదా ఒకటేనా అని చూడండి.

బహుమతుల విషయంలో ముందే చెప్పడం మేలు. మీకు ఇష్టమైన మూడు నాలుగు సరుకుల పేర్లు, షేడ్ నంబర్లతో సహా దగ్గరివాళ్లకు ఫోన్‌లో పంపి ఉంచండి. కొనేవాళ్లకూ పని తగ్గుతుంది.

జాబితాను బతికించుకోవడం

తనిఖీ చేసిన బ్రాండ్ల పేరు పక్కన తేదీ రాయండి. ఏడాదికోసారి, ఎవరికైనా అమ్ముడైందన్న వార్త విన్నప్పుడు, కొత్త దేశంలో దుకాణాలు తెరుస్తున్నారన్నప్పుడు మళ్లీ చూడండి. ఒక బ్రాండ్ జాబితాలోంచి పడిపోతే చేతిలో ఉన్నది పూర్తి చేసి, తర్వాతి కొనుగోలుకు రెండో ఎంపికకు వెళ్లండి. దానికోసమే ప్రతి సరుకుకూ ఒక ప్రత్యామ్నాయం పేరు ముందే రాసుకోవాలి. మానేసినట్టు, ఎందుకు మానేశారో కంపెనీకి రెండు వాక్యాల్లో రాయండి. కవర్‌గర్ల్ లాగా ముద్ర తెచ్చుకున్న కంపెనీ కనబడితే దాన్ని కూడా ఆ సంస్థ జాబితాలో చూసుకుని, తేదీ వేసి చేర్చుకోండి.